వంద రూపాయల మీటింగు

"ఆగు పాపా, వాడు నోరు పెద్దగా తెరవనీ, చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ నల్లగా ఉండేది కూడా నోట్లోకి పోవాల" అంటా పక్కింటక్క బుడ్డోడిని తిప్పి నా పొట్టకి ఆనించి పట్టుకునింది. కరెంటు లేదు, కావలి ఎండ, ఇద్దరం చెమటకి తడిసిపోయాం. కాసేపటికి గుటక్ గుటక్ అని వినపడింది. నాకు ఏడుపొచ్చేసింది.

వాడు పుట్టి అయిదు రోజులు. పాలు పడలా, డబ్బా తెప్పించండి అని పెద్దమ్మ పొద్దుట్నించీ ఒకటే పోరు, హాస్పిటల్లో కూడా ఎవురూ ఇట్టా పక్కన కూర్చోని చూపించలా.

అక్కేం నర్సు కాదు, ముగ్గురికి పాలిచ్చి పెంచింది, అంతే.

కేంద్రం 2016లో తల్లిపాల కోసం 'మా' అని ప్రోగ్రాం పెట్టింది కదా, దాంట్లో మూడు నెలలకోసారి తల్లుల మీటింగు పెడితే ఆశాకి 100 రూపాయలని రాసుకున్నారు. వంద! ఇంక ఈ అక్కలాంటోళ్ళకి ఆ లెక్కలో చోటెక్కడిది. పాలడబ్బా ఎంతవుద్దో మా ఆయన్ని అడగండి, చెప్తాడు.

టీ తాగిపో అక్కా అంటే, పొయ్యి మీద అన్నం పెట్టొచ్చా, రాత్రికి మళ్ళీ వస్తాలే అని పరిగెత్తింది.