ట్రంపెట్ ఊదిన చెవి, బేస్ పట్టిన చెయ్యి: జాన్ ఎంట్విసిల్ తొలి రోజులు

ది హూ అనే ఇంగ్లిష్ రాక్ బృందంలో బేస్ (మంద్ర స్వరాలు పలికే నాలుగు తీగల గిటారు) వాయించిన జాన్ ఎంట్విసిల్ పేరెత్తితే చాలు, అందరూ అతని వేళ్ల వేగం గురించే మాట్లాడతారు. వేగం సాధనతో వస్తుంది. కానీ అతని బేస్ వెనక ఉండిపోకుండా ముందుకొచ్చి పాట పాడినట్టు ఎందుకు పలుకుతుందో తెలియాలంటే, గిటారు పట్టకముందు అతను ఏం ఊదేవాడో చూడాలి.

పుట్టింది 1944 అక్టోబర్ 9న, లండన్ పడమటి వైపు. తండ్రికి ట్రంపెట్ వచ్చు, తల్లికి పియానో. వాళ్లిద్దరూ త్వరగానే విడిపోయారు. పిల్లాడు తల్లితో పాటు సౌత్ యాక్టన్‌లో అమ్మమ్మ గారింట్లో పెరిగాడు. ఏడేళ్లకి పియానో పాఠాలు పెట్టించారు గానీ అతనికి నచ్చలేదు. 11 ఏళ్లకి యాక్టన్ కౌంటీ గ్రామర్ స్కూల్లో చేరాక ట్రంపెట్ పట్టాడు. మిడిల్‌సెక్స్ స్కూళ్ల ఆర్కెస్ట్రాలోకి వెళ్లాక ఫ్రెంచ్ హార్న్‌కి, అంటే గుండ్రంగా చుట్టిన ఇత్తడి బాకాకి మారాడు.

ట్రంపెట్‌కి ఉండేవి మూడు వాల్వ్‌లే, అంటే వేలితో నొక్కే మీటలు. ఒకే వాల్వ్ నొక్కి పట్టుకుని, పెదవుల బిగింపు మారిస్తే చాలు, వేర్వేరు స్వరాలు వస్తాయి. కాబట్టి వేలు సరైన చోట ఉన్నా, కావలసిన స్వరం ముందే చెవిలో మోగకపోతే ఇంకోటి పలుకుతుంది. ఫ్రెంచ్ హార్న్ ఇంకా మొండిది. చుట్టలు విప్పితే ట్రంపెట్ గొట్టం సుమారు ఒకటిన్నర మీటర్లు, ఎఫ్ శ్రుతి హార్న్‌ది సుమారు 3.7 మీటర్లు. గొట్టం అంత పొడవైనా వాయించేది ఎక్కువగా పై స్థాయిలోనే. అక్కడ స్వరాలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి. పెదవి రవ్వంత సడలినా పక్క స్వరంలోకి జారి గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. ఆర్కెస్ట్రాల్లో హార్న్ వాళ్లంటే అందరికీ జాలి ఉండేది అందుకే. ఇంకో సంగతి. ట్రంపెట్ వాల్వ్‌లు కుడి చేతివి, హార్న్ వాల్వ్‌లు ఎడమ చేతివి. పియానో వదిలేసినా రెండు చేతుల వేళ్లకూ పని తప్పలేదన్నమాట.

తర్వాత ది హూలో గిటారు వాయించిన పీట్ టౌన్‌షెండ్ స్కూల్లోనే పరిచయమయ్యాడు. ఇద్దరూ కలిసి కాన్ఫెడరేట్స్ అని ఒక ట్రాడ్ జాజ్ (పాత తరహా జాజ్) బృందం పెట్టారు. టౌన్‌షెండ్‌ది బాంజో అనే తీగల వాద్యం, ఇతనిది ట్రంపెట్. అది ఎంతో కాలం నడవలేదు. ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చాక వాటి మోతలో ట్రంపెట్ వినపడే దారి లేదు. గిటారుకి మారదామంటే వేళ్లు లావు. పైగా అమెరికన్ గిటారిస్టు డ్వేన్ ఎడ్డీ గిటారు లావు తీగల మీద వాయించే బాణీలంటే మోజు. బాణీని మంద్రంలో నడపొచ్చన్న ఆలోచన అక్కడిదే. దానికి సరిపోయే వాద్యం బేస్.

అమెరికన్ కంపెనీ ఫెండర్ చేసే బేస్ కొనే డబ్బు లేదు. ఇంట్లోనే తయారు చేసుకున్నాడు. చెక్క కోయడం చూసి ఇది తేలికనుకునే వాళ్లకి ఒక మాట. కష్టమంతా మెడలో ఉంది. దాని మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్లు; ఒక్కో ఫ్రెట్‌కి శ్రుతి అర స్వరం పెరగాలి. ఫెండర్ కొలత ప్రకారం తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 863.6 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ 48.5 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగించుకుంటూ పోవాలి. 12వ ఫ్రెట్ కచ్చితంగా సగంలో, 431.8 దగ్గర పడాలి. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు తప్పితే శ్రుతి రెండు సెంట్లు తేడా వస్తుంది, 12వ ఫ్రెట్ దగ్గర నాలుగు సెంట్లు. ఒక అర స్వరం అంటే వంద సెంట్లు. పై ఫ్రెట్ల మీద వాయించేవాడికే ఈ తప్పు ఎక్కువ వినపడుతుంది. ఆపైన నాలుగు తీగలూ కలిసి మెడను సుమారు 75 కిలోల బలంతో లాగుతాయి. లోపల ఉక్కు కడ్డీ లేని మెడ కొన్నాళ్లకి విల్లులా వంగి, తీగలు ఫ్రెట్ల మీద నుంచి పైకి లేస్తాయి. అప్పుడు నొక్కడానికి బలం ఎక్కువ కావాలి, నొక్కిన కొద్దీ శ్రుతి పెరుగుతుంది.

ఆ ఇంటి బేస్ పట్టుకుని వీధిలో వెళ్తుంటేనే, తర్వాత ది హూ గాయకుడైన రోజర్ డాల్ట్రీ కంట్లో ఎంట్విసిల్ పడ్డాడు. అదే స్కూల్లో చదివి బయటికి గెంటించుకున్న డాల్ట్రీకి అప్పటికే డీటూర్స్ అని బృందం ఉంది. 1961లో ఎంట్విసిల్ అందులో చేరాడు. తర్వాత టౌన్‌షెండ్‌ని లాక్కొచ్చింది ఇతనే. ఇదంతా నడుస్తుండగా పగలు పన్నుల ఆఫీసులో గుమాస్తా పని. 1964లో బృందం పేరు ది హూ అయింది.

1965లో వచ్చిన 'మై జనరేషన్'లో బేస్‌కి విడిగా చోటిచ్చారు. రాక్ పాటల్లో అప్పటికి అది అరుదు. గిటారు తీగ మీటి ఆగితే, ఆ ఖాళీలో బేస్ జవాబు చెప్పి మళ్లీ ఆగుతుంది. ఇత్తడి బాకాల వాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగే తీరు ఇదే. నేర్చుకునే వాళ్లకి నా సలహా ఒకటే. బేస్ పలికే ఆ జవాబులను ముందు నోటితో పాడండి, ఊపిరి ఎక్కడ చాలదో అక్కడ ఆగండి, తర్వాతే తీగ మీద పెట్టండి. వేగం మీద దృష్టి పెట్టి మొదలుపెడితే స్వరాలన్నీ ఒకే బరువుతో పడి బాణీ చచ్చిపోతుంది.

ఆ రికార్డింగ్ కోసం ఎంట్విసిల్ డానెలెక్ట్రో అనే కంపెనీ బేస్ కొన్నాడు. దాని సన్న తీగల గణగణ నచ్చింది. తీగ తెగింది. ఇంగ్లండ్‌లో విడిగా ఆ తీగలు దొరకవు. తీగల కోసం ఇంకో బేస్ కొన్నాడు. అవీ తెగాయి. చివరికి ఫెండర్ జాజ్ బేస్‌తో పని కానిచ్చానని అతనే చెప్పుకున్నాడు.

అప్పట్లో దొరికే బేస్ తీగల్లో ఎక్కువ భాగం మీద చదునైన లోహపు రిబ్బను చుట్టి ఉండేది. వేలికి నున్నగా ఉంటుంది, కానీ పై నాదాలు అణిగిపోయి 'దుమ్' అని మాత్రమే వస్తుంది. గుండ్రటి తీగ చుడితే పియానోలా మోగుతుంది. అయితే లావు తీగలతో చిక్కుంది. బిరుసు ఎక్కువైతే తీగ సరిగ్గా ఊగదు, మంద్రంలో నాదం బూజు పట్టినట్టు ఉంటుంది. 1966లో ఎంట్విసిల్ తీగలు తయారు చేసే రోటోసౌండ్ వాళ్ల దగ్గర కూర్చుని, తీగలు చుట్టించుకుంటూ, వాయించి చూస్తూ ఈ లావు తీగల సంగతి తేల్చుకున్నాడు. ఇప్పుడు దాదాపు ప్రతి రాక్ బేస్ మీదా ఉండేవి ఆ తరహా తీగలే. చెమట, మురికి చుట్ల సందుల్లో చేరితే మోగడం తగ్గుతుంది, అందుకే వాయించాక పొడి గుడ్డతో తుడవాలి. ఫ్రెట్లను మాత్రం ఇవి చదును తీగల కన్నా త్వరగా అరగదీస్తాయి.