ఇరవై పేల్చాకే మాట్లాడు

మా ఫ్యాక్టరీ ఒహైయో ఉత్తరాన, ఈరీ సరస్సుకు దగ్గర్లో ఉంది. హైడ్రాలిక్ వాల్వుల భాగాలు తయారుచేస్తాం. నా పని కొలతలు. మెషీన్ మీంచి దిగిన ముక్క డ్రాయింగులో రాసిన సైజులో ఉందా లేదా, లేకపోతే ఎందుకు లేదు, అది తేల్చాలి. బాలానగర్ సీఐటీడీలో టూల్ డిజైన్ చదువుకున్నవాణ్ణి, మైక్రోమీటరు పట్టుకోవడం అక్కడే అలవాటైంది. ఇక్కడికొచ్చాక అంగుళంలో వెయ్యో వంతును 'థౌ' అనడం అలవాటు చేసుకున్నాను. ఈ దేశంలో మెషీన్ షాపు భాష అది.

టూల్‌రూమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. రిటైర్ కావాల్సిన వయసు దాటినా గ్రైండింగ్ మెషీన్ వదలలేదు. మేం క్రికెట్ గురించి మాట్లాడుకున్నట్టు ఆయన, ఆయన స్నేహితులు లంచ్‌లో తూటాల గురించి మాట్లాడుకునేవారు. మొదట్లో నాకు ఆ మాటలు వింటేనే టెన్షన్. అమెరికాలో తుపాకీ అనగానే మనకు గుర్తొచ్చేది టీవీ వార్తలే. ఆ భయం తప్పని నేను ఇప్పటికీ అనను. పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులుగా మా ఇంట్లో ఆ భయం ఉంది. కానీ వీళ్ళు మాట్లాడుకునేది వేరు. వెయ్యి గజాల దూరంలో కాగితం మీద పది అంగుళాల వలయంలో వరసగా ఇరవై గుళ్ళు ఎలా పెట్టాలన్నదే వాళ్ళ గొడవంతా. అందులో సగం మాటలు నా డిపార్ట్‌మెంటు మాటలే: టాలరెన్సు, వేరియేషన్, రిపీటబిలిటీ.

అయినా చాలా ఏళ్ళు వినడంతోనే సరిపెట్టుకున్నాను, ఎందుకంటే చట్టం ఒప్పుకోదు. హెచ్‌-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. అలాంటి దారులు వెతుక్కుని ఇమిగ్రేషన్ ఫైలును చిక్కుల్లో పడేసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే, తూటాలు సొంతంగా తయారుచేసుకోవడం నేర్చుకోవడానికి పెద్దాయన గరాజ్‌లో బెంచి ముందు కూర్చున్నాను. ఇది రాస్తున్నది ముఖ్యంగా కొత్తగా వచ్చిన మన పిల్లల కోసం. ఆఫీసులో ఎవరో రేంజ్‌కి రమ్మన్నారని సరదాగా బయల్దేరకండి. ముందు మీ స్టేటస్‌కు ఏది కుదురుతుందో లాయరును అడగండి.

ఇక అసలు విషయం. తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల పౌడరు (తుపాకీ మందు), మూతిలో బిగించిన బుల్లెట్. పేల్చాక బుల్లెట్ వెళ్ళిపోతుంది, పౌడరు కాలిపోతుంది, ప్రైమరు అయిపోతుంది. కేసు మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, మళ్ళీ సైజుకు తెచ్చి, మిగతా మూడూ కొత్తవి పెట్టుకుంటే అది హ్యాండ్‌లోడ్. సొంతానికి చేసుకోవచ్చు. అమ్మడానికి చేయాలంటే ఫెడరల్ లైసెన్సు కావాలి.

కంపెనీ తూటాలు ఈ రోజుల్లో చాలా బాగుంటున్నాయి. మరి ఈ శ్రమంతా ఎందుకు? కంపెనీ తూటా దేశంలో ఆ క్యాలిబరుకు ఉన్న ప్రతి రైఫిల్లోనూ పట్టాలి. 1926లో ఏర్పడ్డ సామీ అనే సంస్థ ఛాంబరుకు (రైఫిల్లో తూటా కూర్చునే గదికి), తూటాకు కొలతల హద్దులు పెట్టింది. కంపెనీ ఆ హద్దుల లోపల అందరికీ సరిపడేలా చేస్తుంది. మనం మాత్రం ఒకే ఒక్క ఛాంబరుకు సరిపడేలా చేసుకుంటాం. టూల్‌రూమ్‌లో పని చేసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. బజారులో దొరికే బుష్‌కీ, షాఫ్టు కొలిచి దానికోసమే చేసిన బుష్‌కీ ఉన్న తేడాయే ఇది.

నా రైఫిలు 6.5 క్రీడ్‌మూర్. 2007లో వచ్చిన తూటా ఇది, టార్గెట్ షూటింగ్‌ను దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. రీకాయిల్ (వెనక్కి తన్నడం) తక్కువ, బుల్లెట్ పొడవుగా సన్నగా ఉండి గాలిని బాగా కోస్తుంది.

పెద్దాయన మొదట నేర్పింది కేసు గురించి. పౌడరు డబ్బా మూత తీయడానికి చాలా కాలం ముందే కేసుల్ని కొలిపించారు. కార్ట్రిడ్జ్ ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. పేలినప్పుడు అది ఉబ్బి ఛాంబరు గోడకు అతుక్కుని గ్యాస్ వెనక్కి రాకుండా ఆపుతుంది, తర్వాత కొద్దిగా ముడుచుకుంటుంది. అంటే పేలిన కేసే మన ఛాంబరుకు అచ్చు. దాని భుజాన్ని (మెడ కింద కేసు వెడల్పయ్యే చోటును) ఒకటి రెండు థౌలు మాత్రమే వెనక్కి నెట్టాలి, ఛాంబరును మూసే బోల్టు సాఫీగా మూసుకునేంత. ఎక్కువ నెడితే ప్రతిసారీ కేసు అడుగుకు కొంచెం పైన సాగి పల్చబడుతుంది, చివరికి అక్కడే తెగుతుంది. కేసును నొక్కి సైజుకు తెచ్చే డైతో వచ్చే మామూలు సూచనల ప్రకారం గుడ్డిగా బిగిస్తే చాలాసార్లు అవసరానికి మించే నెడుతుంది. అందుకే డైకి కాదు, గేజికి విలువ.

పదేపదే పేలి, సైజు చేస్తుంటే ఇత్తడి గట్టిపడుతుంది. మెడ గట్టిపడితే బుల్లెట్‌ను పట్టుకునే బిగువు ఒక్కో కేసులో ఒక్కోలా ఉంటుంది. అందుకని మెడను, భుజాన్ని కొన్ని సెకన్లు వేడిచేసి మెత్తబరుస్తారు. అడుగు భాగం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మెత్తబడకూడదు. ఈ తూటాకు సామీ పెట్టిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఆ పీడనం మొత్తాన్ని మన ముఖానికి అంగుళాల దూరంలో ఆపేది ఆ అడుగే.

పౌడరు దగ్గర ఆయన చాలా కఠినం. బెంచి మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి. వేర్వేరు పౌడర్లు చూడటానికి ఒకేలా ఉంటాయి, కాలే వేగం మాత్రం వేరు. ఒకదాని బదులు ఇంకొకటి పడితే రైఫిలు పగలొచ్చు. మాన్యువల్ చెప్పిన కనీస మోతాదుతో మొదలుపెట్టి, చిన్న మెట్లలో పైకి వెళ్ళాలి. గరిష్ఠానికి సుమారు పదిశాతం తక్కువలో మొదలుపెట్టడం ఇక్కడ పాత ఆనవాయితీ. బోల్టు ఎత్తడం బరువైనా, కేసు అడుగున మెరిసే గుర్తు పడినా, ప్రైమరు చదునైపోయినా మాన్యువల్ ఏం చెప్పినా సరే అక్కడితో ఆగాలి. బుల్లెట్ పెట్టేముందు ట్రేలో ఉన్న ప్రతి కేసులోకీ టార్చి వేసి చూడాలి. ఖాళీది ఉన్నా ప్రమాదమే, రెండుసార్లు నిండినది ఉన్నా ప్రమాదమే. ఈ పని చేసేటప్పుడు ఫోన్ పక్క గదిలో ఉంటుంది. నాతో ఎవరూ మాట్లాడరు.

ఇక్కడ పౌడరును తూచేది గ్రెయిన్లలో. పౌండుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒకటి సుమారు 65 మిల్లీగ్రాములు. మామూలు కాటా గ్రెయిన్‌లో పదో వంతు చూపిస్తుంది. ఖరీదైనవి ఒక్కో పౌడరు గింజను కూడా పట్టుకుంటాయి. ఎందుకంత పట్టింపు అంటే బుల్లెట్ వేగం కోసం. నా బుల్లెట్ బరువు 140 గ్రెయిన్లు, వేగం సెకనుకు 2,700 అడుగుల దగ్గర. అందులో పది అడుగుల తేడా వస్తే వంద గజాల దగ్గర కంటికి కూడా కనిపించదు. వెయ్యి గజాల దగ్గర అదే తేడా రెండున్నర, మూడు అంగుళాలు పైకో కిందకో తెస్తుంది. ఎఫ్‌-క్లాస్ అనే దూరపు రైఫిల్ పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అక్కడ పది అంగుళాలు, లోపలి ఎక్స్ వలయం ఐదు అంగుళాలు. అందుకే వంద గజాల కాగితం ఒక్కటే చూసి లోడు (తూటాలో పెట్టిన పౌడరు, బుల్లెట్ల కూర్పు) బాగుందనుకోకూడదు, రాడార్ చూపించే వేగాల్ని కూడా చదవాలి.

ఈ వేగాల్ని ఎలా చదవాలన్న దగ్గరే నా ఉద్యోగమూ ఈ హాబీ ఒకటయ్యాయి. చాలామంది చేసే పద్ధతి ఇది: పౌడరు కొద్దికొద్దిగా పెంచుతూ ఒక్కో మెట్టులో మూడేసి తూటాలు పేలుస్తారు. ఏ మూడు దగ్గరగా పడితే అదే మంచి మోతాదు అంటారు. దానికి 'నోడ్' అని పేరు కూడా పెడతారు. పెద్దాయన ఈ పద్ధతిని ఒప్పుకోరు. "మూడు పేల్చిన కాగితం నాకు చూపించకు. ఇరవై పేల్చాక మాట్లాడు" అంటారు.

ఆయనది అనుభవం. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. ఒకే రైఫిలు, ఒకే లోడు. మూడేసి తూటాల గ్రూపులు (అన్నిటికన్నా దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య దూరం) సగటున 0.6 అంగుళం వస్తుంటే, పదేసి తూటాల గ్రూపులు సగటున 0.95 దగ్గర వస్తాయి. రైఫిలు చెడిపోలేదు, లోడు మారలేదు, ఎక్కువ పేల్చాం, అంతే. మూడు తూటాలు సాధారణంగా రైఫిల్ని ఉన్నదానికన్నా బాగా చూపిస్తాయి. వేగం సంగతి ఇంకా దారుణం. ఐదు తూటాలు పేలిస్తే రాడార్ స్టాండర్డ్ డీవియేషన్ (వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) 10 అని చూపించిందనుకోండి. అసలు విలువ 6 నుంచి 29 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది అంతే. ఇరవై పేలిస్తే అదే 10కి హద్దులు సుమారు 7.6 నుంచి 14.6కి వస్తాయి. అప్పుడు రెండు పౌడర్లను పోల్చడానికి అర్థం ఉంటుంది. ఫ్యాక్టరీలో ముప్పై ముక్కలైనా కొలవకుండా ప్రాసెస్ బాగుందని రాస్తే మా కస్టమర్లు రిపోర్టు తిప్పి పంపిస్తారు. అదే మనుషులు శనివారం రేంజ్‌లో మూడు గుళ్ళతో తీర్పు చెప్పేస్తారు.

నేను, ఆయన కలిసి తిరిగి పేల్చి చూసిన 'నోడ్'లలో చాలావాటికి రెండోసారి ఆనవాలు దొరకలేదు. బుల్లెట్ మార్చినప్పుడు మాత్రం తేడా స్పష్టంగా, ప్రతిసారీ కనిపించింది. పౌడరు రకం మార్చినప్పుడు కూడా. అందుకే నా అభిప్రాయం ఇది: మంచి బ్యారెల్, దానికి నచ్చిన బుల్లెట్, నమ్మకమైన పౌడరు, ఒకేలా ఉండే కేసులు. ఈ నాలుగు కుదిరితే పని చాలామటుకు అయిపోయినట్టే. గ్రెయిన్‌లో పదో వంతు అటూ ఇటూ కదిలిస్తూ వారాంతాలు గడపడం కన్నా ఆ పౌడరు, ఆ ప్రైమర్లు గాలి చూడటం నేర్చుకోవడానికి ఖర్చుపెట్టడం మేలు.

బుల్లెట్ ఎంత లోతులో కూర్చోవాలన్నది నేను పరీక్షించి చూసే విషయమే. బ్యారెల్లో బుల్లెట్‌ను తిప్పే గాడులు మొదలయ్యే చోటుకు బుల్లెట్ ఎంత దూరం దూకాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. తూటా మొత్తం పొడవు కొలిస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే బుల్లెట్ల ముక్కు కొసలు ఒకేలా ఉండవు. వంపు దగ్గర ఆనే కంపారేటరుతో కొలవాలి. బెర్గర్ కంపెనీ తన పొడవు ముక్కు బుల్లెట్లకు 10, 50, 90, 130 థౌలు అని దూరంగా ఉన్న మెట్లలో పరీక్షించమంటుంది. ఆ సలహా నాకు నచ్చింది. ముందు పెద్ద అడుగులతో వెతికి, ఆ తర్వాత చిన్నవి వేయాలి.

హైదరాబాద్‌లో మా అన్న కొడుకు ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పటినుంచి మన ఊళ్ళో ఆ ఆటకు పిల్లలు బాగానే వస్తున్నారు. అక్కడ హ్యాండ్‌లోడింగ్ ప్రసక్తి ఉండదు, ఎయిర్ రైఫిల్‌కు పౌడరే లేదు. కానీ దాని గుళ్ళు, అంటే పెల్లెట్లు, 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లని తల సైజుల్లో వస్తాయి. ఏ రైఫిలుకు ఏది కుదురుతుందో పేల్చి చూసుకోవాల్సిందే. మొన్న ఫోన్ చేశాడు.

"బాబాయ్, 4.49 సూపర్‌గా పడుతోంది. అదే పెట్టెలు పెట్టెలు కొనిపించమని నాన్నకు చెప్పనా?"

"ఎన్ని పేల్చావురా?"

"ఐదు."

"మిగతా రెండు సైజులు కూడా తీసుకో. రైఫిల్ని స్టాండుకు బిగించి ఒక్కోదాంట్లో ముప్పై పేల్చు. ఆ తర్వాత మీ నాన్న జేబు గురించి ఆలోచిద్దాం."

నాలుగు రోజులకు కాగితాల ఫోటోలు పంపాడు. మూడు సైజులకూ పెద్ద తేడా లేదు. చౌకగా దొరికేది కొనుక్కోమన్నాను.

ఇంట్లో ఈ హాబీకి చోటు ఊరికే దొరకలేదు. "ఆ మందు ఉన్న గదిలోకి పిల్లలు అడుగుపెట్టకుండా తాళం వేస్తేనే ఒప్పుకుంటాను" అంది మా ఆవిడ. ఆమె మాట న్యాయమైనది. రైఫిలు ఇనుప బీరువాలో ఉంటుంది. పౌడరు దాని అసలు డబ్బాల్లోనే, వేడి తగలని చోట, ప్రైమర్లకు దూరంగా ఉంటుంది. ఇళ్ళలో అసలు డబ్బాల్లో ఇరవై పౌండ్ల వరకే అని ఇక్కడి ఫైర్ కోడ్ చెబుతుంది, నా దగ్గర అందులో కొంచెమే ఉంటుంది.

వేసవిలో క్యాంప్ పెర్రీకి వెళ్తాం. 1907 నుంచి నేషనల్ మ్యాచ్‌లు జరుగుతున్న రేంజ్ అది, సరస్సు ఒడ్డునే. నీళ్ళ మీంచి వచ్చే గాలికి ఎంత మంచి లోడైనా తల వంచాల్సిందే. అక్కడ షూటర్లే వంతులవారీగా టార్గెట్ల కింద గోతిలో పని చేస్తారు. పైన గుండు తగిలిన చప్పుడు వినగానే టార్గెట్ దించి, రంధ్రంలో గుర్తు పెట్టి, మళ్ళీ ఎత్తాలి. ఎండలో ఒళ్ళు హూనమైపోతుంది. కానీ ఈ దేశంలో నాకు స్నేహితులు దొరికింది ఎక్కువగా ఆ గోతిలోనే. రైతులు, నర్సులు, రిటైరైన టీచర్లు పక్కపక్కన నిలబడి మాట్లాడతారు. ఫ్యాక్టరీ మీటింగుల్లో నా యాస వల్ల ఒక్కోసారి రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. గోతిలో ఎవరూ నన్ను మళ్ళీ చెప్పమనలేదు, ఎన్ని పేల్చి ఆ లెక్క చెబుతున్నావని మాత్రం అడిగారు.

నా బ్యారెల్ ఇప్పుడు అరుగుతోంది. ఈ క్యాలిబరులో పోటీలకు పనికొచ్చే వయసు రెండు మూడు వేల తూటాలు. గాడులు మొదలయ్యే చోటు వేడికి కాలి కొద్దికొద్దిగా ముందుకు జరిగింది, నోట్‌బుక్‌లో రాసుకున్న కొలత చూస్తే తెలుస్తోంది. కొత్త బ్యారెల్‌కు ఆర్డరిచ్చాను. అది వచ్చాక మొదట్లో వేగం కొంత పెరుగుతూ పోతుంది కాబట్టి, అది స్థిరపడేదాకా లోడు వెతకడం మొదలుపెట్టను. ఆ తూటాలన్నీ గాలి నేర్చుకోవడానికి వాడదామని పెద్దాయన అప్పుడే ప్లాన్ వేసేశారు.