హెబ్బాళలో మిణుక్కుమన్న నూనె బుడ్డి

పోయిన నెల రెండో ఆదివారం హిందూపురం నుంచి బెంగళూరుకి తిరిగొస్తున్నాను. లేపాక్షి, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం. దారి పొడుగునా బండి చక్కగా వచ్చింది. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర మామూలే, ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. బ్రేకు తొక్కి న్యూట్రల్‌లో పెట్టానో లేదో, డాష్‌బోర్డులో ఎర్ర నూనె బుడ్డి బొమ్మ, అంటే ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పే లైటు, మిణుక్కుమంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఆరిపోయింది. కాలు తీస్తే మళ్ళీ వెలిగింది.

బండి నాయనది. 1998లో కొన్న మారుతి 800, కార్బురేటర్ మోడల్. 796 సీసీ, మూడే సిలిండర్లు. ఏపీ 02 నంబరు. 15 ఏళ్ళు నిండాక 2013లో ఒకసారి, తర్వాత ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ వచ్చాడు. ఈ ఉగాదికి కంటి ఆపరేషన్ అయ్యాక తాళాలు నా చేతిలో పెట్టి, "అమ్మేయొద్దు, అంతే" అన్నాడు. అంటే, నా చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. అప్పుడే ఇంజిన్ కొట్టేశానంటే హిందూపురం వైపు మొహం ఎట్లా చూపించేది?

ఇంజిన్ ఆపేశాను. వెనక హారన్ల మోత. ఒక ఆటో డ్రైవరు, ఇద్దరు డెలివరీ పిల్లలు కలిసి పక్కకి తోశారు. వాళ్ళలో ఒకడు మదనపల్లె పిల్లోడు. "ఆ లైట్ వైరు పీకేస్తే పోతాది మేడం" అని సలహా కూడా ఇచ్చాడు. జ్వరం తగ్గాలంటే థర్మామీటర్‌ని చన్నీళ్ళలో ముంచమన్నట్టు.

నేను పందొమ్మిదేళ్ళుగా ఒక ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ సెక్షన్‌లో టెక్నీషియన్‌ని. మా దగ్గర ఒక అలవాటు ఉంటుంది. రిపోర్టు తేడాగా వస్తే ముందు మనిషిని అనుమానించం. శాంపిల్‌ని అనుమానిస్తాం, మిషన్‌ని అనుమానిస్తాం. పొటాషియం 7.5 వచ్చిందంటే గుండె ఆగిపోబోతోందని కంగారు పడేలోపు, ట్యూబులో సీరం ఎర్రగా ఉందేమో చూస్తాం. రక్తకణాలు పగిలితే లోపలి పొటాషియం బయటికొచ్చి లెక్క పెంచేస్తుంది. మళ్ళీ రక్తం తీస్తే 4.2. మనిషి శుభ్రంగా ఇడ్లీ తింటూ ఉంటాడు.

దగ్గర్లో ఉన్న గ్యారేజీ నుంచి ఒకాయన వచ్చాడు. బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టమన్నాడు. అర నిమిషం విన్నాడు. "బేరింగులు పోయినాయి మేడం. బోర్‌కి వచ్చింది. ఇంజిన్ పని చేయాల. ముప్పై ఐదు వేలు" అన్నాడు. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, ముట్టుకోలేదు. పక్కనున్నాయన, అంత ఖర్చెందుకు, చిక్కటి ఆయిల్ పోసి ఒక డబ్బా మందు కలిపితే లైటు ఆరిపోతుందన్నాడు. ఆరిపోతుంది, నిజమే. అందుకే నాకు ఇంకా భయం వేసింది. ఇద్దరికీ నమస్కారం పెట్టి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ నేనే తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూశాను. తగ్గి ఉంటుందనుకున్నాను. పై గీత దాటి, చిటికెన వేలి మందాన పైకి ఉంది.

అక్కడ నాకు టెన్షన్ తగ్గి, ఆసక్తి మొదలైంది.

నాయనకి ఒక పిచ్చి ఉంది. గ్లోవ్ బాక్సులో పాకెట్ డైరీ. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు, లీటర్లు. నెల మొదటి తారీఖున ఆయిల్ ఎంతుందో. ఆ అలవాటు నేనూ తప్పించలేదు, భయం కొద్దీ. ముందటి నెల నా రాతలోనే ఉంది: "ఆయిల్ - మూడొంతులు." మధ్యలో ఎవరూ చుక్క పోయలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ ఇంజిన్ ఆయిల్ తాగిందంటే నమ్ముతాను గానీ, ఆయిల్ ఈనిందంటే ఎట్లా నమ్మేది? లోపలికి ఇంకేదో వస్తోంది. నీళ్ళయితే ఆయిల్ పోసే మూత లోపల మజ్జిగ రంగు నురగ కడుతుంది, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతాయి. రెండూ లేవు. ఇక మిగిలింది పెట్రోలు.

వాసన చూస్తే తెలిసిపోతుంది కదా అంటారు. కోవిడ్ వచ్చిపోయాక నా ముక్కు సగమే పనిచేస్తోంది. చారు మాడినా పక్కింటావిడ చెప్పాలి. అందుకని బండిని టోయింగ్ వ్యానులో రామమూర్తినగర్ ఇంటికి చేర్పించి, మర్నాడు ల్యాబు నుంచి మూడు ఫిల్టర్ పేపర్లు తెచ్చుకున్నాను.

మూడు గ్లాసుల మీద మూడు పేపర్లు పరిచాను, మధ్యభాగం దేనికీ తగలకుండా. ఒకదాని మీద కొత్త ఆయిల్ చుక్క. రెండోదాని మీద కొత్త ఆయిల్‌లో పదో వంతు పెట్రోలు కలిపిన చుక్క. మూడోదాని మీద డిప్‌స్టిక్ చివరి నుంచి బండి ఆయిల్ చుక్క. కంట్రోళ్ళు, అంటే పోల్చి చూసుకోవడానికి ముందే తెలిసిన శాంపిళ్ళు, లేకుండా టెస్ట్ చేస్తే మా సెక్షన్‌లో ఎవరూ క్షమించరు. వంటింట్లో అయినా సరే. మా ఆయన వచ్చి చూసి ఏమీ మాట్లాడకుండా స్విగ్గీలో ఆర్డర్ పెట్టుకున్నాడు.

పొద్దునకి కొత్త ఆయిల్ చుక్క తేనె రంగులో ఒకే తీరుగా, రూపాయి బిళ్ళంత పరుచుకుంది. పెట్రోలు కలిపింది ఇంకా విశాలంగా పాకి, అంచున పల్చటి ఇంకో వలయం కట్టింది. బండి ఆయిల్ చుక్క మధ్యలో మసి నలుపు, దాని చుట్టూ బూడిద రంగు, ఆ బయట, పేపర్‌ని కిటికీ వెలుగుకి పట్టుకుంటే, అదే పల్చటి వలయం. రెండో పేపర్ మీద ఉన్నదానికంటే కొంచెం వెడల్పుగానే ఉంది.

మైలేజీ పడి ఉండాలి కదా అని డైరీ తిరగేశాను. పడలేదు. పడదు కూడా. అర లీటరు పెట్రోలు ఇరవై లీటర్ల లెక్కలో దొరకదు. సగం రోజులు ట్రాఫిక్, సగం రోజులు హైవే, ఆ తేడాలోనే కొట్టుకుపోతుంది. కానీ అదే అర లీటరు మూడు లీటర్ల లోపు ఆయిల్‌లో పడితే ఆయిల్ నీళ్ళ చారయిపోతుంది.

నీళ్ళ చారయితే ప్రెషర్ ఎందుకు పడుతుంది? మా అపార్ట్‌మెంట్‌లో మాది నాలుగో అంతస్తు. కిందవాళ్ళు కుళాయిలన్నీ తెరిస్తే మా బాత్రూంలో ధార సన్నబడిపోతుంది. ట్యాంకు అదే, పైపు అదే. బండిలో ఆయిల్ పంపు చేసేది ఆయిల్‌ని తోయడం వరకే. ఆ తోసిన ఆయిల్ బేరింగుల సందుల్లోంచి అంత సులువుగా బయటపడలేకపోవడం వల్ల ప్రెషర్ నిలుస్తుంది. సందులు పెరిగినా, అంటే బేరింగులు అరిగినా, లేక ఆయిలే పల్చబడినా, జారిపోవడం ఎక్కువవుతుంది. బాగా వేడెక్కి స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతూ ఉన్నప్పుడు ఆయిల్ మరీ పల్చన, పంపు మరీ నిదానం. అందుకే హైవే మీద రాని లైటు హెబ్బాళలో వచ్చింది. అంటే హెబ్బాళ గ్యారేజీ ఆయన చెప్పింది పూర్తిగా తప్పేం కాదు, బేరింగులు అరిగినా అచ్చం ఇట్లాగే ఉంటుంది. చూడకుండా చెప్పాడు, అదొక్కటే నా బాధ.

మెకానిక్ టి.సి.పాళ్యలో ఉంటాడు. ములబాగిలు మనిషి. ఆయన తెలుగులో పావు కన్నడం. మంగళవారం ఇంటికే వచ్చాడు. నా పేపర్లు చూపిస్తే నవ్వలేదు, అదే నాకు నచ్చింది. డిప్‌స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకుని, "అక్కా, ఇది బంకు వాసన. ఏసీ పంపు చూడాల. అయినా ముందు మీటర్ పెడదాము. లైట్‌ని నమ్మేకి లేదు" అన్నాడు.

ముందు తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా లైటు వెలుగుతోందా చూశాడు. వెలిగింది, అంటే బల్బు బతికే ఉంది. ఆయిల్ స్విచ్ వైరు పీకితే ఆరిపోయింది, అంటే వైరు ఎక్కడా బాడీకి తగలడం లేదు. తర్వాత ఆ స్విచ్‌నే విప్పి, ఆ రంధ్రంలో తన అడాప్టర్ బిగించి, గొట్టం చివర గుండ్రటి మీటర్ బానెట్ మీద పెట్టాడు. "పది నిమిషాలే. వేడయ్యేదాకా. అంతకంటే ఈ ఆయిల్‌తో తిప్పకూడదు."

చల్లగా ఉన్నప్పుడు ముల్లు మూడు కేజీలు (చదరపు సెంటీమీటరుకి) దాటింది. చూస్తే ఏ రోగమూ లేదు. ఫ్యాన్ తిరిగాక మెల్లగా దిగడం మొదలుపెట్టింది. రెండు. ఒకటి. స్లోలో 0.4 కేజీల దగ్గర వణుకుతూ నిలబడింది. ఈ బండిలో ఆర్‌పీఎం మీటర్ లేదు. ఆయన తల ఒక పక్కకి వంచి, యాక్సిలరేటర్ వైరు లాగి, "ఇది మూడు వేలు" అన్నాడు, హార్మోనియం శ్రుతి చూసినట్టు. అప్పుడు కూడా రెండుకి చేరలేదు. వెయ్యి ఆర్‌పీఎంకి ఒక 0.7 కేజీలైనా ఉండాలనేది పాత మెకానిక్‌ల లెక్క, ఆ లెక్కన మూడు వేల దగ్గర రెండు దాటాలి.

నా వెన్ను జలదరించింది ఇక్కడ. ఆ లైటు స్విచ్ ప్రెషర్ దాదాపు అర కేజీ కిందికి పోయాకే వెలుగుతుంది. అంటే బాగేపల్లి నుంచి ఎనభైలో వస్తున్నంతసేపూ ఉండాల్సినంత ప్రెషర్ లేదు, లైటు మాత్రం కళ్ళు మూసుకునే ఉంది. నేనేమో కిటికీ దించి పాటలు వింటూ వచ్చాను.

ఏసీ పంపు అంటే ఏసీకి సంబంధించింది కాదు. కార్బురేటర్‌కి పెట్రోలు అందించే చిన్న మెకానికల్ పంపుకి గ్యారేజీల్లో ఉన్న పేరు అది. క్యామ్ షాఫ్ట్ దాని మీటని కొడుతుంటే లోపల రబ్బరు డయాఫ్రం పైకీ కిందికీ ఆడి పెట్రోలు లాగుతుంది. ఆ రబ్బరుకి ఒక పక్క పెట్రోలు, ఇంకో పక్క ఇంజిన్ ఆయిల్. మధ్య గోడ అదొక్కటే. చిల్లి పడితే పెట్రోలు నేరుగా కింద ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగుతుంది.

రెండు బోల్టులు విప్పి పంపు తీశాడు. మీట వైపు అంతా తడిగా మెరుస్తోంది. పెట్రోలు వచ్చే గొట్టంలో సిరంజీతో కాస్త పెట్రోలు పోసి మీట ఆడించాడు. నాలుగోసారికి మీట పక్క నుంచి ఒక చుక్క ఊరి, వేలాడి, ఆయన చెప్పు మీద పడింది. "కనిపించిందా?" అన్నాడు. పాత పంపే కదా అని స్క్రూలు తీసి విప్పి చూపించాడు. రబ్బరు గట్టిపడి, మధ్య వాషర్ చుట్టూ వెంట్రుకంత చీలిక. మామూలుగా చూస్తే కనబడదు. రెండు బొటనవేళ్ళతో సాగదీసి ఎండకి పట్టుకుంటే వెలుగు గీతలా కనబడింది.

పెట్రోల్‌లో ఎథనాల్ 20 శాతం కలుపుతున్నాక పాత బళ్ళ రబ్బరు సామాన్లు ఎక్కువ మారుస్తున్నానని ఆయన అన్నాడు. ఉండొచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళ రబ్బరు ఏ పెట్రోల్‌కైనా ఏదో ఒక రోజు చిరగాల్సిందే. ఒక్క శాంపిల్‌తో నేను సంతకం పెట్టను.

ఆయిల్ దించేటప్పుడు పల్చటి గుడ్డలో వడగట్టించాను. ఫిల్టర్‌ని హ్యాక్‌సా బ్లేడుతో కోయించి, లోపలి మడతల కాగితం విప్పి ఎండలో పరిచాము. బేరింగులు చెడి ఉంటే మెరిసే పొట్టు ఉండాలి, రాగి రంగు కనబడితే ఇంకా చెడ్డ కబురు. మసి తప్ప ఏమీ లేదు. అప్పుడు గానీ నాకు ఆకలి తెలియలేదు.

పంపు జె.సి.రోడ్డులో దొరికింది. దానికోసం నాలుగు షాపులు తిరిగాను. మూడో షాపాయన "ఇంకా నడుపుతున్నారా?" అని బండి గురించి అడిగాడో నా గురించి అడిగాడో అర్థం కాలేదు. పంపు, ప్యాకింగ్, ఆయిల్, ఫిల్టర్, ఆయన కూలి, అన్నీ కలిపి మూడు వేల చిల్లర. చిక్కటిది వద్దని, ఎప్పుడూ పోసే 20డబ్ల్యూ-40నే పోయించాను. చిక్కటిది పోస్తే మీటర్‌లో నంబరు బాగుంటుంది గానీ, ఇంజిన్ ఎట్లా ఉందో నాకు తెలియదు కదా.

మళ్ళీ మీటర్. వేడయ్యాక స్లోలో 1.3. ఆయన చెవి లెక్కన మూడు వేల దగ్గర 3.3. "కొంచెం అరుగుదల ఉంది అక్కా, వయసుది. ఇంజిన్ విప్పే పని లేదు" అన్నాడు. పెట్రోలు కలిసిన ఆయిల్ మూలమూలలా ఉంటుంది కాబట్టి 500 కిలోమీటర్లకే ఇంకోసారి ఆయిల్ మార్చమన్నాడు. మొన్న శనివారం మార్పించాను. దించిన ఆయిల్ చుక్క పేపర్ మీద వేశాను. వలయం లేదు.

రాత్రి నాయనకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ముప్పై ఐదు వేల సంగతికి ఏమీ అనలేదు. పంపు విషయానికీ ఏమీ అనలేదు. "ఆ డైరీలో ఆయిల్ గడి పక్కన ఇంకో గడి గీయి, వాసన అని" అన్నాడు.

నాకు వాసన రాదు కదా నాయనా అన్నాను.

"అల్లుణ్ణి చూడమను" అని ఫోన్ పెట్టేశాడు.