పదకొండింటి ఆకలికి ఒక మంచి చోటు

సెలవురోజున కూడా తెల్లారకముందే లేచి, వ్యాయామం చేసి, ఎనిమిదింటికల్లా బుద్ధిగా తినేసి ప్లేటు కడిగి పెట్టేసే జనమంటే నాకు చాలా గౌరవం, కాకపోతే వాళ్లతో కలిసి సెలవు గడపమంటే మాత్రం నా వల్ల కాదు. నాకు ఆ రోజు పదింటికి గానీ తెల్లారదు. పదిన్నర దాకా ఆకలి అనే మాటే గుర్తుకు రాదు, ఆ తర్వాత ఒక్కసారిగా కడుపులో ఎలుకలు పరిగెడతాయి. అప్పుడు పొద్దుటి తిండి తిందామంటే ఆలస్యమైపోయింది, భోజనం చేద్దామంటే ఎక్కడ చూసినా ఇంకా పొయ్యి మీదే ఉంటుంది. ఆ మధ్యలో పుట్టే ఆకలి చాలా మంచి ఆకలి, తొందరపెట్టదు, కానీ ఏది పడితే అది ఒప్పుకోదు.

1895లో గై బెరింజర్ అనే ఇంగ్లండ్ రచయిత ఒక పత్రికలో సరిగ్గా ఈ ఆకలి తరఫునే వకాల్తా పుచ్చుకుని రాశాడు. బ్రేక్‌ఫాస్ట్, లంచ్ రెండూ కలిపి పుట్టించిన బ్రంచ్ అనే మాటని అచ్చులోకి తెచ్చింది ఆయనే అంటారు. ఆదివారం మధ్యాహ్నం బరువైన భోజనం ఎందుకండీ, టీ, కాఫీ, మార్మలేడ్ లాంటివాటితో ఆలస్యంగా మొదలుపెట్టి మెల్లగా గట్టి తిండిలోకి వెళ్దాం, శనివారం రాత్రి పొద్దుపోయేదాకా తాగి తిరిగినవాళ్లకి ఆదివారం పెందలాడే లేచే బాధ తప్పుతుంది అన్నది ఆయన వాదన. ఇంకో మాట కూడా అన్నాడు, ఈ తిండి మనుషుల చేత మాట్లాడిస్తుంది అని. అది మాత్రం అక్షరాలా నిజం. రాత్రి భోజనం దగ్గర అందరికీ రేపటి టెన్షన్ ఉంటుంది, పొద్దున ఎనిమిదింటికి బస్సు టెన్షన్ ఉంటుంది, పదకొండింటికి కూర్చున్నవాళ్లకి ఏ టెన్షనూ ఉండదు. దక్షిణ చైనాలో టీ తాగుతూ చిన్న చిన్న బుట్టల్లో డిమ్ సమ్ అనే చిరుతిళ్లు తెప్పించుకుని గంటలకొద్దీ కూర్చునే అలవాటు ఈ పేరు పుట్టకముందు నుంచీ ఉంది, కాబట్టి ఇదేదో బెరింజర్ గారు కనిపెట్టిన ఆకలి కూడా కాదు.

సరే, అసలు విషయానికొస్తాను. ఈ ఆకలికి తగ్గ చోటు దొరకడం ఎలా? రేటింగులు చూసి వెళ్లడం నేను మానేశాను. వాటిలో సగం పార్కింగ్ గురించి, పావు వంతు ఏసీ గురించి, మిగిలింది వాళ్ల పుట్టినరోజుకి కేకు ఉచితంగా ఇవ్వలేదన్న కోపం. ఫొటోలైతే మరీ మోసం. గోడ మీద పూలతీగలు, నియాన్ లైట్లతో ఒక కొటేషన్, పక్కనే ఊగే కుర్చీ ఉన్నాయంటే నేను కాస్త జాగ్రత్తపడతాను, ఎందుకంటే ఆ డబ్బంతా వంటింట్లోంచే తీసుంటారని నా అనుమానం. మెనూ పది పేజీలుంటే ఇంక కూర్చోను కూడా కూర్చోను. పొద్దున పూట అన్నీ వండగలిగే వంటిల్లు భూమ్మీద లేదు, ఉన్నదల్లా పెద్ద ఫ్రీజర్ మాత్రమే.

నేను చూసేది గుడ్డుని.

పోచ్‌డ్ ఎగ్ అని ఉంటుంది కదా, పెంకు కొట్టి గుడ్డుని నేరుగా వేడినీళ్లలోకి జార్చి ఉడికించేది. నూనె లేదు, మసాలా లేదు, తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఏ చాటూ లేదు. తెల్లసొన 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కబడటం మొదలుపెడుతుంది, పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70కి వచ్చేసరికి గట్టిపడిపోతుంది. తెల్లది నిలబడాలి, లోపలిది జారాలి అంటే వంటమనిషికి ఉన్న వెసులుబాటు ఎంత తక్కువో చూడండి. పైగా గుడ్డు పాతబడేకొద్దీ తెల్లసొన పలచనైపోతుంది, నీళ్లలో వేయగానే పోగులు పోగులుగా చెదిరిపోతుంది. కొందరు నీళ్లలో కాస్త వెనిగర్ వేసి దాన్ని త్వరగా గడ్డకట్టిస్తారు, తప్పేం లేదు, కానీ తింటున్నప్పుడు పులుపు నాలుకకి తెలిస్తే మాత్రం చెయ్యి ఎక్కువ పడిందన్నమాట. అంచేత ఒక్క గుడ్డుతో నాకు రెండు సంగతులు తెలిసిపోతాయి: సరుకు ఎప్పటిది, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి ఓపిక ఉందా లేదా.

బాగా కుదిరినదాన్ని కోసేటప్పుడు చూడండి. కత్తి మొన ఆనించగానే పైన తెల్లటి పొర సన్నగా చీలుతుంది, ఆ చీలికలోంచి పచ్చసొన ముందు ఒక్క బొట్టుగా పైకి ఉబ్బుతుంది, తర్వాత బద్ధకంగా పక్కకి వాలి, కింద కాల్చిన బ్రెడ్డు గరుకు అంచు దాకా వెళ్లి అక్కడ ఆగి మెల్లగా లోపలికి ఇంకుతుంది. ఆ ఇంకిన ముక్క మొదట తినాలా చివర తినాలా అన్నదాని మీద మా ఇంట్లో రెండు వర్గాలున్నాయి. నేను చివర తినే వర్గం. అప్పటిదాకా ఉంచితే చల్లారిపోతుందని తెలిసినా సరే.

బ్రెడ్డు మీద పోచ్‌డ్ ఎగ్ పెట్టి ఇచ్చే ఎగ్స్ బెనెడిక్ట్ తెప్పిస్తే పరీక్ష ఇంకా కఠినం, ఎందుకంటే గుడ్డు పైన హాలండేజ్ సాస్ పోస్తారు. అందులో ఉండేవి పచ్చసొన, కరిగించిన వెన్న, నిమ్మరసం, అంతే. నీళ్లూ కొవ్వూ మామూలుగా కలవవు, పచ్చసొనలో ఉండే లెసిథిన్ అనే పదార్థం వెన్నని కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా పట్టి ఉంచుతుంది కాబట్టి అది నున్నగా, మెరుస్తూ వస్తుంది. మంట కాస్త ఎక్కువైందా, విరిగిపోతుంది. చల్లారిందా, గడ్డకడుతుంది. నిన్న చేసింది ఇవాళ వేడిచేసి పోద్దామంటే కుదిరే పని కాదు. కాబట్టి మీ ప్లేట్లో ఆ సాసు పట్టులా జారుతూ ఉంటే, ఆ పొద్దున ఎవరో గిన్నె పట్టుకుని నిలబడి, చెయ్యి నొప్పెట్టేదాకా గిలక్కొట్టారని అర్థం. ఈ వంటకం 19వ శతాబ్దం చివర న్యూయార్క్‌లో పుట్టిందంటారు గానీ, డెల్మోనికోస్ రెస్టారెంట్‌లోనా, వాల్డార్ఫ్ హోటల్‌లోనా అన్నది ఈనాటికీ తేలలేదు. తమాషా ఏంటంటే ఆ రెండు కథల్లోనూ బెనెడిక్ట్ అనే ఇంటిపేరుతో వేరే వేరే మనుషులున్నారు. వాల్డార్ఫ్ కథలోని బెనెడిక్ట్ గారు 1894లో, రాత్రి తాగింది దిగక, తలపట్టుకుని వచ్చి ఇది చేయించుకున్నారట. బెరింజర్ గారు ఎవరి కోసం రాశారో ఆ మనిషే అన్నమాట.

పాన్‌కేక్‌ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. పిండి మరీ ఎక్కువ కలిపితే రబ్బరు, ఉండలు ఉండలుగా వదిలేస్తే మెత్తన. ఎత్తు చూసి మోసపోకండి, ఒక ముక్క కోసి ఏమీ పోసుకోకుండా తినండి. సిరప్ లేకుండా బాగుంటే ఆ చోటికి మళ్లీ వెళ్లొచ్చు. కాఫీ గురించి అసలే రాయను, దాని మీద నాకున్న అభిప్రాయాలు స్నేహాలు చెడగొట్టే రకం.

క్రోసాంట్ అనే పొరల నెలవంక బ్రెడ్డు దగ్గర మాత్రం ఆగాలి. పిండిని పల్చగా చేసి మధ్యలో చల్లటి వెన్న పలక పెట్టి, మూడు మడతలు వేసి, మళ్లీ ఒత్తి, మళ్లీ మూడు మడతలు, ఇంకోసారి మూడు మడతలు. అలా మూడుసార్లకి వెన్న 27 పొరలవుతుంది. మధ్యమధ్యలో ఫ్రిజ్‌లో విశ్రాంతి. వెన్నలో ఆరో వంతు దాకా నీరే ఉంటుంది, ఓవెన్ వేడికి ఆ నీరు ఆవిరై ఒక్కో పొరనీ పైకి లేపుతుంది, అదే దాని పొంగు. వెన్న ముందే కరిగిపోయిందనుకోండి, పొరలన్నీ కలిసిపోయి బన్ను తయారవుతుంది, అడుగున జిడ్డు మిగులుతుంది. కాబట్టి అద్దాల అలమరాలో ఉన్నదాన్ని చూసేటప్పుడు దాని పైమెరుపు వదిలేసి, అది పెట్టిన కాగితం వైపు చూడండి. కాగితం జిడ్డుకి తడిసి ఉంటే ఊరుకోండి. అడ్డంగా కోస్తే లోపల తేనెపట్టులా గదులు గదులుగా కనిపించాలి, కొరికితే చొక్కా నిండా పొట్టు రాలాలి. పొట్టు రాలకుండా తిన్న క్రోసాంట్ నాకు లెక్కలోకి రాదు. 1830ల చివర్లో ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా ఆయన పారిస్‌లో వియన్నా తరహా బేకరీ పెట్టి అక్కడి నెలవంక బ్రెడ్డుని రుచి చూపించాడు, ఇన్ని పొరల అవతారం ఎత్తడం ఆ తర్వాతి ఫ్రెంచివాళ్ల చేతి చలవ. 

ఇక తీపి. కడుపు నిండా తిని, బెల్టు వదులు చేసుకుని, ఇంక ఒక్క ముద్ద కూడా వద్దు బాబోయ్ అన్న నిమిషానికే పక్క టేబుల్ మీదకి ఏదో పంచదార పాకంతో మెరుస్తూ వెళ్తుంటే మన మెడ అటే తిరుగుతుంది. దీన్ని కక్కుర్తి అని నన్ను చిన్నప్పటి నుంచి తిడుతూనే ఉన్నారు, కానీ 1980ల మొదట్లో బార్బరా రోల్స్, ఆమెతో పనిచేసిన పరిశోధకులు దీన్ని ప్రయోగాలు చేసి చూపించారు. ఒకే రుచి తింటూ ఉంటే ఆ రుచి మీదే మొహం మొత్తుతుంది, వేరే రుచి మీద ఆకలి చాలావరకు అలాగే ఉంటుంది. ఉప్పూ వెన్నా గుడ్డూ తిని తిని అలసిన నాలుకకి తీపి కొత్తగా కనబడటంలో మన తప్పేమీ లేదు. ఈ ముక్క తెలిసినప్పటి నుంచి మా చెల్లి నా ప్లేట్లో సగం మీద హక్కుగా చెంచా వేస్తోంది.

గుర్తుండిపోయే తీపి చాలావరకు ఒకే వస్తువు మీద బతికే చోట్లలోనే దొరుకుతుంది. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని బెలేమ్ అనే పేట సంగతే చూడండి. అక్కడి జెరోనిమోస్ మఠంలో చేసే గుడ్డు కస్టర్డ్ టార్టుల తయారీ విధానం బయటి దుకాణానికి చేరి, 1837 నుంచి అదే చోట అమ్ముతున్నారు. స్పెయిన్‌లో సాన్ సెబాస్టియన్ ఊళ్లోని లా వీన్యా అనే బారు నుంచి ఇవాళ ఊరూరా కనిపించే బర్న్‌ట్ చీజ్‌కేక్ వచ్చింది, 1990 ప్రాంతంలో. పైభాగం దాదాపు మాడినట్టు నల్లగా, మధ్యలో వణికేంత మెత్తగా, అడుగున బిస్కెట్ల పొర కూడా లేకుండా ఉంటుంది. మాడ్చడం కావాలనే. ఆ నల్లటి పైపొరలో కొంచెం చేదు ఉండబట్టే లోపలి తీపి వెగటు అనిపించదు. క్రీమ్ బ్రూలే అనే కస్టర్డ్ మీద చెంచాతో టక్‌మని కొట్టి పగలగొట్టే పంచదార రేకు చేసేదీ అదే పని.

ఆ చీజ్‌కేక్ చేసే ఒక చిన్న చోటికి, పెద్దగా ఆశలేం పెట్టుకోకుండా, మా చెల్లితో వెళ్లాను. అద్దాల అలమరాలో ఏమీ లేదు, వెనక బల్ల మీద అచ్చులోంచి ఇంకా తియ్యని కేకు ఒకటి పొగలు కక్కుతోంది.

"అదిగో ఉంది కదా, ఒక ముక్క ఇవ్వండి," అంది మా చెల్లి.

"ఇప్పుడు కోస్తే కారిపోతుందమ్మా. రెండు గంటలు ఆగాలి. మీకు పనుంటే సాయంత్రం రండి, పక్కన పెడతాను," అన్నాడు లోపల ఉన్న పెద్దాయన, చేతికున్న పిండి దులుపుకుంటూ.

"అక్కా, డబ్బులిస్తానంటే వద్దంటున్నాడు!" అని గొణిగింది అది. నాకైతే అక్కడే సగం కేకు తిన్నంత సంతోషమైంది. అమ్ముకునేవాడు అమ్మనంటున్నాడంటే ఆ వస్తువు మీద అతనికి ఒక పట్టింపు ఉంది. సాయంత్రం వెళ్లాం. చెంచా దిగుతుంటే పైన కాస్త అడ్డుకుని, లోపలికి వెళ్లాక అడ్డేమీ లేకుండా దిగింది. మధ్యభాగం ప్లేటు మీద కారలేదు, కొంచెం ముందుకి వంగి నిలబడింది, అంతే. తిన్నంతసేపూ మా చెల్లి మాట్లాడలేదు, అది నోరు మూసుకుని కూర్చోవడం మా ఇంట్లో వార్త.

ఇలాంటి చోట్లు దొరికాక ఎవరికి చెప్పాలి అనేది ఇంకో తలనొప్పి. అందరికీ చెప్తే నెల తిరిగేసరికి క్యూ, ఆ క్యూ చూసి వాళ్లు మెనూ పెంచడం, మెనూ పెరిగాక గుడ్డు చెడటం, వరసగా జరుగుతాయి. అసలు చెప్పకపోతే గిరాకీ లేక మూతపడొచ్చు. నేను ఒక మధ్యేమార్గం పెట్టుకున్నాను, ఆలస్యంగా లేచేవాళ్లకి మాత్రమే చెప్తాను. ఇంకో చిట్కా, వీలైతే ఆదివారం కాకుండా వారం మధ్యలో ఒక సెలవు పడ్డప్పుడు వెళ్లండి. ఆదివారం ఒంటి గంటకి ఏ వంటింట్లోనైనా పొయ్యి దగ్గరున్నవాళ్ల ఓపిక అయిపోయి ఉంటుంది, అప్పుడు తిని ఆ చోటుకి మార్కులు వేయడం అన్యాయం. తీపి సంగతైతే మరీను, రోజుకి ఒకటో రెండో ట్రేలే చేసే చోట మనం తీరిగ్గా గుడ్లు తినేలోపు అవి కాస్తా ఖాళీ. అందుకే మా చెల్లి ఇప్పుడు టేబుల్ దగ్గరికి రాకముందే కౌంటర్ దగ్గరికెళ్లి రెండు ముక్కలు పక్కన పెట్టించి, బిల్లు కూడా కట్టేసి, ఆ తర్వాతే మెనూ అడుగుతోంది.