వీపు చూశావా?

1923లో మొదలైన మన విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలకు నేను చేరేనాటికే అరవై ఏళ్లు దాటాయి. మొదటి ఎం.బి.బి.ఎస్. గట్టెక్కి, 1986లో తొలి క్లినికల్ పోస్టింగుకు కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మెడిసిన్ వార్డులో అడుగు పెట్టిన రోజున, మెడలో కొత్త స్టెతస్కోపు వేలాడుతుంటే నా కాళ్లు నేల మీద ఆనలేదు. మా యూనిట్ చీఫ్ గారు దాన్ని ఒకసారి తేరిపార చూసి, తీసి కోటు జేబులో పెట్టుకోమన్నారు. ఆ తరువాత రెండు వారాల దాకా దాన్ని బయటికి తీయనివ్వలేదు. "ముందు చూడు, తరువాత ముట్టు, ఆపైన కొట్టు, చివరికి విను" అన్నది ఆయన మాకు నేర్పిన వరుస.

రోగికి కుడివైపున నిలబడాలి. చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని వేడి చేసుకోవాలి. ఆడవారైతే నర్సమ్మను పిలిచి, తెర లాగి, ఎంత అవసరమో అంతే బట్ట తొలగించాలి. రక్తహీనత కోసం కింది కనురెప్ప లోపల చూడడం సులువే. కామెర్ల సంగతి అలా కాదు, ట్యూబులైటు కింద లేత పసుపు దొరకదు కనుక రోగిని సముద్రం వైపు కిటికీ దగ్గరికి నడిపించి పగటి వెలుతురులో తెల్లగుడ్డు చూపించేవారు. శ్వాస లెక్కించడంలో ఒక చిన్న మోసం కూడా నేర్పారు. మనం లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి ఊపిరి తీరు మారిపోతుంది కాబట్టి, నాడి చూడడం అయిపోయినా మణికట్టు వదలకుండా, కన్ను మాత్రం ఛాతీ మీద ఉంచి నిమిషం పాటు లెక్కించాలి. పెద్దవారిలో పన్నెండు నుంచి ఇరవై దాకా మామూలే. గోళ్ల ఉబ్బు చూడడానికి రెండు చేతుల ఒకే వేలి గోళ్లను వీపు వీపు ఆనించమనేవారు. మధ్యలో వజ్రం ఆకారపు సందు కనబడకపోతే అనుమానించాలి. ఆ పరీక్షను 1976లో ప్రకటించిన దక్షిణాఫ్రికా హృద్రోగ నిపుణుడు షామ్‌రాత్, తన గుండె కవాటాలకు ఇన్‌ఫెక్షను సోకినప్పుడు తన వేళ్లలోనే ఆ మార్పు గమనించారని చెబితే మేమంతా మా గోళ్లు చూసుకున్నాం.

నన్ను ఎక్కువగా ఏడిపించింది 'కొట్టడం', అంటే ఛాతీ మీద వేలితో తట్టి మోత వినడం. ఎడమచేతి మధ్యవేలిని పక్కటెముకల సందులో గట్టిగా ఆనించి, మిగతా వేళ్లను కాస్త ఎత్తి పట్టి, కుడిచేతి మధ్యవేలి కొసతో కొట్టి వెంటనే తీసేయాలి; కదలవలసింది మణికట్టే తప్ప మోచేయి కాదు. గోరు పెరిగి ఉంటే తన వేలికే గాయం. హాస్టలు గదిలో సగం నీళ్లున్న కుండ మీద, కళ్లు మూసుకుని, నీటి మట్టం ఎక్కడుందో కనిపెట్టడం అభ్యాసం చేశాను. సంతలో కుండ కొనేముందు వేలితో కొట్టి చూసే మా నాయనమ్మకు ఈ విద్య ముందే వచ్చు. దీన్ని 1761లో గ్రంథస్తం చేసిన వైద్యుడు ఆవెన్‌బ్రుగర్ ఆస్ట్రియాలో ఒక సత్రం యజమాని కొడుకు. 1808లో ఫ్రెంచి వైద్యుడు కోర్విసార్ తన భాషలోకి అనువదించేదాకా ఆ పుస్తకాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఆ కోర్విసార్ దగ్గర చదువుకున్న లెనెక్, 1816లో ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి కాగితం చుట్టతో విన్నాడు. నా జేబులో మగ్గుతున్న స్టెతస్కోపుకు అదీ పుట్టుక.

స్టెతస్కోపు బయటికి తీసే అనుమతి దొరికిన వారంలోనే, ఆయాసంతో చేరిన ఒక మత్స్యకారుణ్ణి నాకు కేసుగా ఇచ్చారు. ఆయన ఎప్పుడు చూసినా ఎడమవైపుకే తిరిగి పడుకునేవాడు. ఎందుకని అడిగితే, "ఈ పక్కకి తొంగుంటేనే ఊపిరాడతంది బాబూ" అన్నాడు. ఆ మాటను నేను కేసు షీటులో శ్రద్ధగా రాసుకున్నాను, అంతే. వెల్లకిలా పడుకోబెట్టి ముందు భాగమంతా పరీక్షించి, శ్వాసనాళం మధ్యలోనే ఉందనీ, ఊపిరి శబ్దాలు రెండు వైపులా సమానమనీ చీఫ్ గారికి గడగడా అప్పగించాను. ఆయన అడిగింది ఒకటే: "వీపు చూశావా?"

చూడలేదు. అప్పుడాయన రోగిని లేపి కూర్చోబెట్టి, చేతులు రెండూ ఎదురు భుజాల మీద వేసుకోమన్నారు. అలా చేస్తే రెక్క ఎముకలు పక్కలకు తొలగి ఊపిరితిత్తులు తట్టడానికి చోటు దొరుకుతుంది. పైనుంచి కిందికి, కుడి ఎడమలు పోల్చుకుంటూ నా చేతనే కొట్టించారు. ఎడమ రెక్క ఎముక కింది కొస దాటేసరికి మోత ఆగిపోయి, బండ మీద కొట్టినట్టయింది. చెవి కంటే ముందు నా ఎడమ వేలికే ఆ గట్టిదనం తెలిసింది. "ఒకటి, ఒకటి" అనమంటే కుడివైపు అరచేతికి తగిలిన కంపనం ఎడమవైపు లేదు. స్టెతస్కోపు పెడితే అక్కడ ఊపిరి శబ్దమే లేదు. చివరికి గొంతు కింది గుంటలో నా వేలు పెట్టించారు: నేను మధ్యలో ఉందని చెప్పిన శ్వాసనాళం కుడివైపుకు ఒరిగి ఉంది. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు పట్టింది. పడుకోబెట్టినప్పుడు ఆ నీరు వెనక్కి చేరుతుంది గనుక ముందు వైపు నాకేమీ దొరకకపోవడంలో వింత లేదు. గాని శ్వాసనాళం విషయంలో నేను చూడకుండానే, పుస్తకంలో ఉన్న మాట చెప్పాను. ఆయన కోప్పడలేదు. జేబులోని పెన్ను తీసి, మోత ఆగిన చోట వీపు మీద ఒక గీత గీశారు.

మర్నాడు ఉదయం నీరు తీశారు. పై పక్కటెముక కింది అంచు వెంబడి రక్తనాళాలూ నరమూ నడుస్తాయి కనుక, సూదిని కింది ఎముక పై అంచును ఒరుసుకుంటూ పంపాలని చూపించారు. ఇంచుమించు లీటరు, ఎండుగడ్డి రంగు ద్రవం వచ్చింది. సాయంత్రం నేనొక్కణ్ణే వెళ్లి, అనుమతి అడిగి మళ్లీ వీపు మీద కొట్టి చూశాను. మోత గీతను దాటి నాలుగు వేళ్ల కిందిదాకా వినబడింది. అతను తల తిప్పకుండానే అన్నాడు: "నిన్న నానిన తెప్పలాగుంది బాబూ, ఇయాల ఎండిన తెప్పలాగ మోగతంది."