లా స్కూల్ స్టేట్‌మెంట్ అర్జీ కాదు: నా అనుభవం

అమెరికాలో జేడీకి, అంటే అక్కడి లా డిగ్రీకి, పెట్టాల్సిన అప్లికేషన్లన్నీ ఈ వారంతో అయిపోయాయి. లా స్కూళ్ళ ప్రవేశపరీక్ష ఎల్‌శాట్ గురించి చెప్పేది తక్కువ. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ (పజిల్స్ సెక్షన్) తీసేశారు కాబట్టి పాత గేమ్స్ పుస్తకాలు ఎవరైనా సగం ధరకు ఇస్తామన్నా కొనకండి. ఇప్పుడున్నవి రెండు లాజికల్ రీజనింగ్, ఒక రీడింగ్ కాంప్రహెన్షన్, లెక్కలోకి రాని సెక్షన్ ఇంకొకటి. ట్రాన్స్‌క్రిప్టులు (మార్కుల రికార్డులు), ఎల్‌శాట్ పెట్టే సంస్థ ఎల్‌శాక్ ఇచ్చే ఫారం జతచేసి యూనివర్సిటీయే నేరుగా పంపాలి. పరీక్షల విభాగం కౌంటర్ దగ్గర ఓపిక ఉంటే అదీ అయిపోతుంది. మన డిగ్రీకి ఎల్‌శాక్ వాళ్ళు జీపీఏ లెక్కకట్టరు, బాగుందా ఫర్వాలేదా అన్నట్టు మాటల్లోనే అంచనా ఇస్తారు. అంటే మనలాంటి వాళ్ళ విషయంలో ఎల్‌శాట్ స్కోరు మీద, మన గురించి మనం రాసుకునే రెండు పేజీల స్టేట్‌మెంట్ మీద బరువు ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

ఆ రెండు పేజీలే ప్రాణం తీశాయి. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు, పేరెందుకులెండి, ఎంఎస్ పిల్లలకు రాసిచ్చే ఎస్ఓపీనే (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) తీసి, కంప్యూటర్ సైన్స్ అన్నచోట లా అని మార్చి నాకు పంపించారు. డబ్బు మాత్రం ముందే గుంజారు. మొదటి వాక్యం ఇది: ‘ఇట్ ఈజ్ విత్ ఇమ్మెన్స్ ప్లెజర్ దట్ ఐ ఎక్స్‌ప్రెస్ మై కీన్ ఇంట్రెస్ట్ టు పర్స్యూ మై హయ్యర్ స్టడీస్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ.’ మూడో పేరాలో నేను అప్లై చేయని స్కూలు పేరు. ఇదేంటని అడిగితే, ‘మా టెంప్లేట్‌తో వందలమందికి సీట్లొచ్చాయి సార్’ అని నాకే క్లాసు పీకారు. అమెరికాలో అడ్మిషన్ ఎడిటింగ్ చేసే ఒకావిడకు అదే డ్రాఫ్టు చూపిస్తే, మొదటి పేజీ మొత్తానికి అడ్డంగా ఒక్క గీత గీసి తిరిగిచ్చింది. కిందో పైనో ఒక్క మాటైనా రాయలేదు.

మన ఇంగ్లీషుకున్న జబ్బు అక్కడే అర్థమైంది. మనం స్టేట్‌మెంట్‌ను తహసీల్దారుకు పెట్టే అర్జీలా రాస్తాం. పైన దండం, మధ్యలో కుటుంబ పరిస్థితి, కింద ‘దయతలచి’. ఎస్టీమ్డ్, ప్రెస్టీజియస్, రినౌన్డ్, హంబ్లీ, కైండ్‌లీ, ‘ఐ విల్ బీ ఆన్ అసెట్ టు యువర్ ఇన్‌స్టిట్యూషన్’ అన్నీ అర్జీ మాటలే. వాటికి మార్కులు పోవడమే కాదు, రెండు పేజీల్లో చోటు కూడా తింటాయి. ‘ఐ బిలాంగ్ టు ఎ మిడిల్ క్లాస్ ఫ్యామిలీ’ కూడా అంతే. ఇంట్లో నిజంగా ఇబ్బంది ఉంటే అదేమిటో చెప్పాలి: కాలేజీలో ఉండగా రాత్రి షిఫ్టు చేశాను, వారానికి ఇన్ని గంటలు, జీతం ఇలా ఇంటికి పంపాను అని.

మన వాడుకలు కొన్ని అక్కడ తిరగబడతాయి. ‘ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2016’ అంటే వాళ్ళకు స్పృహ తప్పి పడిపోయినట్టు, గ్రాడ్యుయేటెడ్ అని రాయండి. బ్యాక్‌లాగ్స్, ఇంటర్, ఎంసెట్ ర్యాంకు, లక్షలు, కోట్లు వాళ్ళకు తెలీవు. ఎంసెట్ అంటే ఏమిటో చెప్పడానికే మూడు లైన్లు పోతాయి, ఆ ర్యాంకు లా స్కూలుకు ఎందుకూ పనికిరాదు. కొట్టేయండి.

ఇక మనవాళ్ళే కాదు, అందరూ రాసేవి. ప్యాషన్, ప్యాషనేట్. చిన్నప్పటినుంచీ లాయరు కావాలనుకున్నాను. నేను బాగా వాదిస్తానని అమ్మ అంటుంది. గాంధీదో మార్టిన్ లూథర్ కింగ్‌దో కొటేషన్‌తో మొదలుపెట్టడం. డిక్షనరీ ప్రకారం జస్టిస్ అంటే ఏమిటో చెప్పడం. సమాజానికి చట్టం వెన్నెముక అని లా ప్రొఫెసర్లకే పాఠం చెప్పడం. ప్లెథొరా, మిరియడ్ లాంటి నిఘంటువు సరుకు. హియర్‌బై, అఫోర్‌మెన్షన్డ్, లాటిన్ ముక్కలు పడేస్తే లాయర్‌లా ఉంటుందనుకుంటారు. ఇంకా లా చదవని మనిషి కోర్టు భాష మాట్లాడటం చూసి చదివేవాళ్ళు నవ్వుకుంటారు. ఏ వాక్యం దగ్గరైనా ఒక్కటే పరీక్ష: కింద ఇంకొకరి పేరు పెట్టినా చెల్లుతుందా? చెల్లితే అది మీది కాదు, తీసేయండి.

విషయాల్లో మనవాళ్ళు ఎక్కువగా ఎత్తుకునేది తాతగారి భూమి కేసు. ఇరవై ఏళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు, అన్యాయం జరిగింది, అందుకే నేను లాయరు కావాలి. ఇందులో హీరో తాత. సీటు అడిగేది మీరు. అలాగని ఆ కేసును వదులుకోనక్కర్లేదు, మీరు చేసిందేమిటో దాంట్లోంచి బయటికి లాగండి. ఉదాహరణకు, పహాణీలో ఒక విస్తీర్ణం, సేల్ డీడ్‌లో ఒక విస్తీర్ణం, తేడా 12 గుంటలు. ఆ తేడా ఏ ఏడాది పత్రంలో మొదలైందో వెనక్కి వెనక్కి చదువుతూ పట్టుకున్నది మీరైతే, ఆ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి చూసిన గంటసేపూ రాయండి. గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు అని ఒక్క ముక్క చాలు. కాయితాన్ని ఓపిగ్గా చదివే మనిషి అని అందులోనే తెలిసిపోతుంది. అన్యాయం అన్న మాటే రాయక్కర్లేదు.

రెండు సూట్‌కేసులతో అమెరికా వచ్చాను, హెచ్‌వన్ లాటరీ కష్టాలు, ఇవీ పాతబడ్డాయి. కులం మీద, రిజర్వేషన్ల మీద అభిప్రాయ వ్యాసం వద్దు. మీకు జరిగింది ఉంటే మాత్రం తప్పక రాయండి. అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదన్న 2023 జూన్ 29 అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూడా ఆ దారి మూసుకుపోలేదు. ఆ తీర్పు వచ్చిన ఏడాదే హార్వర్డ్ ఒక స్టేట్‌మెంట్ స్థానంలో రెండు పెట్టింది: ఎందుకు లా అన్నది ఒకటి, మీ అనుభవం మిమ్మల్ని ఎలా మలిచింది అన్నది రెండోది. ఒకటే వ్యాసాన్ని చెరిసగం చేసి రెంటికీ పెట్టకండి. ఇంటర్నేషనల్ లా, హ్యూమన్ రైట్స్ అని గాలిలో రాసే బదులు, ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ఏ రకం పేటెంట్ పని, ఎందుకు అన్నది రెండు వాక్యాల్లో చెబితే మేలు.

ఫెయిలైన సబ్జెక్టులు, తగ్గిన ఎల్‌శాట్ స్కోరు స్టేట్‌మెంట్‌లో దూర్చకండి. దానికి అడెండమ్ అని విడిగా జతచేసే చిన్న వివరణ ఉంది. ఏం జరిగింది, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఆ తర్వాత ఎలా సర్దుకుంది, ఒక్క పేరా. ఏడుపు వద్దు. మీ నడవడి గురించి అడిగే క్యారెక్టర్ అండ్ ఫిట్‌నెస్ ప్రశ్నల్లో పాత కేసులు, కాలేజీ క్రమశిక్షణ చర్యలు దాచకండి. లాయరు లైసెన్సు కోసం బార్‌కు వెళ్ళేటప్పుడు ఈ అప్లికేషన్ మళ్ళీ తీసి పోల్చి చూస్తారు.

రెడీమేడ్ వ్యాసం కొనేవాళ్ళకు చెప్పేదొక్కటే. ఇంకొకరు రాసింది మనదని పెడితే ఎల్‌శాక్ దాన్ని మిస్‌కాండక్ట్ కింద విచారిస్తుంది, రుజువైతే అప్లై చేసిన స్కూళ్ళన్నింటికీ తెలుస్తుంది. కన్సల్టెన్సీ వాడికి పోయేదేమీ లేదు. చాట్‌జీపీటీ విషయంలో స్కూలుకో రూలు: 2023లో మిషిగన్ వద్దంది, అరిజోనా స్టేట్ ఒప్పుకుంది. ప్రతి ఫారమూ విడిగా చదవండి.

కొలతలు చివర్లో చూసుకోండి. మామూలుగా డబుల్ స్పేసింగ్‌లో రెండు పేజీలు, 11 లేదా 12 పాయింట్ అక్షరం, చుట్టూ అంగుళం మార్జిన్. బర్క్‌లీ నాలుగు పేజీల దాకా ఒప్పుకుంటుంది గానీ అవన్నీ నింపాలని కాదు. పీడీఎఫ్ ఎక్కించాక ప్రివ్యూ తెరిచి, పైన మీ పేరు, ఎల్‌శాక్ నంబరు ఉన్నాయా, లోపల వేరే స్కూలు పేరు మిగిలిపోయిందా వెతికి, ఆ తర్వాతే సబ్మిట్ నొక్కండి.