ముందు మానిటర్, తర్వాతే మిగతావి

ఒకే ఫోటో, పక్కపక్కన రెండు మానిటర్లు. ఒకదాంట్లో మందార రేకుల మీద ఈనెలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. రెండోదాంట్లో పువ్వంతా ఒకటే ఎర్రటి ముద్ద!

ఫైలు అదే, కంప్యూటరూ అదే. ఇవాళ చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

కొత్త డెస్క్‌టాప్ అనగానే అందరూ గ్రాఫిక్స్ కార్డు గురించే చెప్తున్నారు. గేములకైతే సరే. ఫోటోలు దిద్దడానికి మధ్యరకం కార్డు, 32 జీబీ ర్యామ్, మంచి ఎస్‌ఎస్‌డీ నాకు చాలు. మిగిలిన డబ్బంతా మానిటర్‌కే: ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర రకం), ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో ఫోటోలకు మామూలుగా వాడే రంగుల పరిధి) మొత్తం చూపించాలి, ప్రింట్లు కూడా వేయిస్తాను కాబట్టి అడోబ్ ఆర్‌జీబీ (అంతకన్నా పెద్ద రంగుల పరిధి) కూడా వీలైనంత.

దాంతోపాటే తెర రంగుల్ని కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ కూడా కొంటున్నా. తెర వెలుగు 120 నిట్స్ (వెలుగుని కొలిచే యూనిట్) దాటనివ్వను. తెర మరీ వెలిగిపోతుంటే ఫోటోలో వెలుగు తగ్గించి దిద్దేస్తాం, ప్రింటు నల్లగా వస్తుంది.